కారు పైకప్పు గుడ్డ జారితే: పిన్నులా, దుకాణమా, ఇంటి పనా?

కారు లోపలి పైకప్పు గుడ్డ ఒక్కరోజులో ఊడిపడదు. మొదట వెనక అద్దం పైన అరచేతి వెడల్పున బుడగలా లేస్తుంది, రోహిణి కార్తె దాటేసరికి ఆ బుడగ లోపలి దీపం దాకా పాకుతుంది, ఆపైన కిటికీలు దించి జాతీయ రహదారి మీద కాస్త వేగంగా పోయినప్పుడల్లా గుడ్డ తెరచాపలా ఊగుతూ వెనక సీట్లో కూర్చున్నవారి నెత్తికి తగులుతుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్ళలో చాలామందికి కారు ఉంటుంది గాని కారుకు నీడ ఉండదు. అందువల్ల పది పన్నెండేళ్ళు దాటిన బండ్లలో ఈ జబ్బు తరచుగా కనిపిస్తుంది. అప్పుడు యజమాని ముందు నాలుగు దారులు ఉంటాయి: పిన్నులు గుచ్చి కాలం గడపడం, సీటు కవర్ల దుకాణంలో ఇవ్వడం, పైకప్పు పలకను మొత్తంగా మార్చడం, ఇంట్లోనే విప్పి కొత్త గుడ్డ అంటించడం. వీటిలో మొదటి రెండింటినీ చివరిదాన్నీ నేను సొంత ఖర్చుతో అనుభవించాను. మూడోదాన్ని ధర విని మానుకున్నాను.

వేలితో చేసే పరీక్ష

దారి ఎంచుకునే ముందు జబ్బు ఎక్కడుందో తెలుసుకోవాలి. పైకప్పు లైనింగ్ అంటే ఒక్క గుడ్డ కాదు. పైన రేకుకు ఆనుకొని అచ్చు పోసిన గట్టి పలక ఒకటి ఉంటుంది. కొన్ని కార్లలో అది అదిమి చేసిన అట్టలాంటి నారతో, కొన్నింటిలో ఫైబర్ గ్లాసుతో తయారవుతుంది. ఆ పలకకు సుమారు మూడు మిల్లీమీటర్ల మందాన పాలీయూరిథేన్ స్పాంజి, ఆ స్పాంజికి మనకు కనిపించే పలుచని అల్లిక గుడ్డ అతికి ఉంటాయి. గుడ్డ జారగానే అందరూ జిగురు వదిలిందనుకుంటారు. చాలాసార్లు వదిలింది జిగురు కాదు, మధ్యలో ఉన్న స్పాంజి చచ్చిపోయింది. పాలీయూరిథేన్‌కు వేడీ తేమా కలిసి తగిలితే దాని అణువుల గొలుసులు క్రమంగా తెగిపోతాయి, మెత్తని స్పాంజి కాస్తా పసుపుపచ్చని పొడి అవుతుంది. మన తీరంలో ఈ రెండూ కొరత లేకుండా దొరుకుతాయి. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అరవై డిగ్రీలు దాటడం సాధారణం, రేకుకు ఆనుకొని ఉన్న పొరకు తగిలే వేడి అంతకంటే ఎక్కువ. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు తేమ ఏడాది పొడవునా ఉంటుంది. ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతంలో తేమ తక్కువే గాని ఎండ మాత్రం తక్కువ కాదు.

జారిన గుడ్డ అంచును కొద్దిగా పైకెత్తి, చూపుడు వేలితో పలకను ఒకసారి రుద్ది చూడండి. వేలికి పొడి అంటితే స్పాంజి పోయినట్టు. పొడి అంటకుండా స్పాంజి ఇంకా సాగుతూ, గుడ్డ ఒక్క మూల మాత్రమే వదిలి ఉంటే అది జిగురు లోపం. నా కారు చూసిన ఒక కుషన్ పనివాడు ఈ తేడాను ఒక్క మాటలో తేల్చాడు: "స్పాంజి సచ్చిపోయినాక జిగురేం జేస్తాదన్నా, బూడిద మీద సున్నం గొట్టినట్టే." కింద చెప్పబోయే పోలిక అంతా ఈ వేలి పరీక్ష మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకొక పరీక్ష కూడా అవసరం. గుడ్డ మీద టీ ఒలికినట్టు గోధుమరంగు వలయాలు కనిపిస్తే నీరు కారుతున్నదని అర్థం. ఏరియల్ అడుగున ఉండే రబ్బరు, రేకు అతుకుల మీద నీరు దిగకుండా వేసిన పూత, ముందు అద్దం పై అంచు, వీటిలో ఏదో ఒకచోట నుంచి కార్తీక మాసపు వాన లోపలికి దిగుతుంది. పైపుతో పది నిమిషాలు కారు మీద నీళ్ళు పట్టి, లోపల ఒకరు కూర్చొని చూస్తే సాధారణంగా దొరికిపోతుంది. నీరు కారడం ఆపకుండా కొత్త గుడ్డ వేయించడం ఆ సొమ్మును వచ్చే వానాకాలానికి దానమివ్వడమే.

పిన్నులు, ఆవిరి, సూదిమందు

గట్టిగా మెలితిరిగి, పైన పారదర్శకమైన తల ఉండే పిన్నులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిని గుడ్డలోంచి పలకలోకి తిప్పితే పట్టుకుంటాయి. టైలరు వాడే మామూలు గుండుసూదులు మాత్రం గతుకుల రోడ్డులో రాలిపోతాయి, పిల్లలు కూర్చునే సీటు మీద అవి రాలడం ఏ విధంగానూ మంచిది కాదు. మెలిక పిన్నులతో ఆరు నెలలు నిక్షేపంగా గడపవచ్చు. చూడడానికి పరుపులా గుంటలు గుంటలుగా ఉంటుంది గాని తల మీద గుడ్డ పడదు. మే నెలలో గుడ్డ జారితే సంక్రాంతి దాకా ఆగడానికి దీన్ని మించిన ఉపాయం లేదని నా అభిప్రాయం. అలా ఎందుకు ఆగాలో జిగురు సంగతి దగ్గర చెబుతాను.

ఇస్త్రీ ఆవిరి పట్టి అదమడం, సిరంజితో గుడ్డ వెనకకు జిగురు ఎక్కించడం అనే చిట్కాలు కూడా ప్రచారంలో ఉన్నాయి. వేలికి పొడి అంటని కార్లలో, అంచున జానెడు మేర వదిలినచోట ఇవి కొంత పనిచేస్తాయి. పొడి అంటిన కార్లలో సిరంజి జిగురు గుడ్డలోంచి ఇవతలికి ఊరి నల్లని మచ్చలై మిగులుతుంది, తరువాత దుకాణానికి వెళ్ళినా ఆ గుడ్డను కాపాడే వీలుండదు.

దుకాణానికి ఇచ్చేవారు అడగవలసినవి

పని తెలిసిన కుషన్ మనిషి దొరికితే దుకాణమే సుఖం. విప్పడం, బిగించడం అతనికి రోజూ చేసే పని, పలక విరిగే భయం తక్కువ. ఇబ్బంది ఏమిటంటే పైకప్పు పనిలో మంచిదీ చెడ్డదీ ఇచ్చిన రోజు ఒకేలా కనిపిస్తాయి. మా పట్టణంలోనే ఒక దుకాణంలో మొదటిసారి నేను ఇచ్చినప్పుడు సాయంత్రానికల్లా కారు తెచ్చి చేతిలో పెట్టారు, పైకప్పు పెళ్ళి పందిరిలా మెరిసింది. మరుసటి వేసవిలో అది రెండు పొరలుగా కిందికి దిగింది. వాళ్ళు పలకను విప్పనే లేదు, చచ్చిన స్పాంజిని గీకనూ లేదు, పాత గుడ్డ మీదనే కొత్త గుడ్డ అంటించి అంచులను తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు కిందికి దోపారు. పొడి మీద నిలిచిన పాత గుడ్డకు కొత్త గుడ్డ బరువు కూడా తోడయితే రెండూ కలిసే వస్తాయి.

కాబట్టి ధర అడిగే ముందు మూడు సంగతులు అడగాలి. పలకను కారు బయటికి తీస్తారా, పాత స్పాంజిని పూర్తిగా గీకుతారా, ఏ జిగురు వాడతారు. మొదటి ప్రశ్నకు "అవసరం లేదు సార్, లోపలే చేసేస్తాం" అనే జవాబు వస్తే మర్యాదగా సెలవు తీసుకోవడం మేలు. పని సవ్యంగా జరగాలంటే కారును ఒక రాత్రి వాళ్ళ దగ్గర వదలవలసి వస్తుంది. వీలయితే గీకిన పలకను కొత్త గుడ్డ పడకముందే కళ్ళారా చూసి రండి, అది అనుమానపు మనిషి తీరేమీ కాదు, చాలా దుకాణాల్లో అభ్యంతరం చెప్పరు కూడా. ఖర్చులో గుడ్డ వాటా కంటే కూలి వాటా ఎక్కువ కాబట్టి, గీకడం లేకుండా చేసే పని చౌకగా వస్తుంది. రెండు దుకాణాలు చెప్పిన ధరల్లో పెద్ద తేడా కనిపిస్తే అది సాధారణంగా ఇక్కడే ఉంటుంది.

పలకను మొత్తంగా మార్చడం అన్నింటికంటే ఖరీదైన దారి. కంపెనీ విడిభాగంగా దొరికే కొత్త పలక గుడ్డతో సహా వస్తుంది, దీపానికీ హ్యాండిళ్ళకూ రంధ్రాలు సరిగ్గా కుదురుతాయి. తయారీ ఆగిపోయిన మోడళ్ళకు అది దొరకడం కష్టం. పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్ పలక చౌకగా దొరుకుతుంది గాని, దాని స్పాంజి వయసూ మన స్పాంజి వయసూ ఒకటే అని మరవకూడదు. మన పలక నడిమికి విరిగిపోతే దాని అచ్చు కోసం తప్ప పాత పలక కొనడంలో అర్థం లేదు.

ఇంట్లో చేయదగిన కారు, చేయకూడని కారు

అందరికీ ఇంటి పనే సలహా ఇవ్వలేను. ముందుగా, కిటికీల పక్క స్తంభాల కవర్ల మీద, లైనింగ్ అంచుల దగ్గర ఎయిర్‌బ్యాగ్ అన్న ముద్ర ఉందేమో చూడండి. ఉంటే ఆ కారులో పైకప్పు అంచున తెరలాగా విచ్చుకునే పక్క ఎయిర్‌బ్యాగులు మడిచి ఉంటాయి. ప్రమాద సమయంలో అవి లైనింగ్ అంచును తోసుకుని క్షణంలో బయటికి రావాలి. మనం అంచున మందంగా వేసిన గుడ్డ, పారిన జిగురు, తప్పుగా కూర్చున్న క్లిప్పు వాటికి అడ్డం కావచ్చు, విప్పేటప్పుడు పొరపాటు జరిగితే అవి మన ముఖం మీదే విచ్చుకోవచ్చు. ఇటువంటి కారును కంపెనీ సర్వీసు సెంటరుకు ఇవ్వడమే సరి, ఖర్చు గురించి వాదించవలసిన చోటు ఇది కాదు. సన్‌రూఫ్ ఉన్న కార్లను కూడా నేను ఇంట్లో ముట్టుకోను. ఆ రంధ్రం చుట్టూ ఉండే చట్రం పలకకే అతికి ఉంటుంది, నీటిని బయటికి పంపే గొట్టాలు లైనింగ్ వెనక నుంచే పోతాయి.

మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగే కొత్త కార్లకు 2019 జూలై నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు కొన్న చిన్న కార్లలో చాలావాటికి పక్క తెరలు లేవు, గుడ్డ జారే వయసులో ఉన్నవి కూడా అవే. వెనక తలుపు పైకి లేచే చిన్న కారయితే పలక డిక్కీ గుండా సాఫీగా వస్తుంది. డిక్కీ విడిగా ఉండే సెడాన్‌లో ముందు తలుపు గుండా కాస్త వంపుగా తీయాలి, పలక విరిగేది సాధారణంగా ఆ వంపు దగ్గరే. ఏడుగురు కూర్చునే బండి పలక పొడుగు కాబట్టి ముగ్గురు మనుషులు కావాలి, ఇంట్లో అంత నీడ పట్టు కూడా ఉండాలి. అంబాసిడర్ వంటి పాత బండ్ల సంగతి పూర్తిగా వేరు. వాటిలో పలకే ఉండదు, కుట్టిన గొట్టాల్లో దూర్చిన ఇనుప తీగలు గుడ్డను పైకి లాగి పట్టుకుంటాయి. అది జిగురు పని కాదు, కుట్టుపని తెలిసిన పాత మనిషికి ఇవ్వవలసిన పని.

గుడ్డ ఎంపిక

స్పాంజి ముందే అతికి వచ్చే లైనింగ్ గుడ్డనే కొనాలి. కర్టెన్ల దుకాణంలో కొన్న అందమైన నూలు గుడ్డను నేరుగా అంటిస్తే జిగురు ఇవతలికి ఊరుతుంది, పలక మీది ప్రతి గీతా గుంటా పైకి కనిపిస్తుంది. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల స్పాంజి సరిపోతుంది. అంతకు మించి మందమయితే స్తంభాల కవర్లూ హ్యాండిళ్ళూ తిరిగి కూర్చోవు. స్వెడ్ రకం గుడ్డ చూడముచ్చటగా ఉంటుంది, కొద్దిగా సాగుతుంది, పలక లోపాలను బాగా దాస్తుంది. అయితే చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగేవారి కారులో అది దుమ్మును పట్టి ఉంచుతుంది. రెక్సిన్‌ను తడిగుడ్డతో తుడుచుకోవచ్చు కాబట్టి అద్దె కార్లవారు ఇష్టపడతారు. దాని బరువు ఎక్కువ, సాగుడు తక్కువ, దీపం దగ్గరి లోతైన వంపుల్లో అదే ముందు వదులుతుంది. నలుపు లైనింగ్ కోరేవారు ఈమధ్య పెరిగారు, కారు లోపల ఇరుకుగా అనిపించడం తప్ప దానితో తప్పేమీ లేదు. నా ఓటు లేత బూడిదరంగు అల్లిక గుడ్డకే.

చిన్న కారుకు రెండు మీటర్లు, పెద్ద బండికి మూడు మీటర్లు చాలు. పన్నా మాత్రం 54 అంగుళాలకు తగ్గకూడదు. పలకను అడ్డంగా, వంపుల వెంట టేపుతో కొలిచి, ప్రతి వైపునా నాలుగంగుళాలు అదనం ఉండేట్టు చూసుకోండి. చదునుగా కొలిస్తే వంపులు మింగే గుడ్డ లెక్కకు రాదు.

జిగురు, కాలం

ఇంటి పనిలో గెలుపు ఓటములు ఇక్కడే తేలతాయి. చెక్కపనికి వాడే తెల్లని ఫెవికాల్ ఈ పనికి పనికిరాదు, అది వేడికి మెత్తబడుతుంది. ఫెవికాల్ ఎస్ఆర్ 998 వంటి పసుపుపచ్చని రబ్బరు జిగురు రెక్సిన్ పనివాళ్ళందరూ వాడేదే. దాన్ని రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరాక కలపాలి. బ్రష్షుతో పూస్తే మాత్రం ఎక్కడ ఎక్కువయితే అక్కడ స్పాంజిలోకి ఇంకి గట్టి మచ్చలవుతుంది, అవి ఆరాక గుడ్డ మీద గీతలుగా కనిపిస్తాయి. వేడిని తట్టుకునేదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న స్ప్రే జిగురు, ముఖ్యంగా కారు లైనింగ్ కోసమే చేసినది, ఖరీదు ఎక్కువైనా మొదటిసారి చేసేవారికి అదే సులువు. పొర పలుచగా, సమంగా పడుతుంది. అట్టలూ కాగితాలూ అంటించే మామూలు స్ప్రే చూడడానికి అలాగే ఉంటుంది గాని మన ఎండకు నిలవదు. నేను మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు డబ్బా మీద వేడి సంగతి చదవకుండా చౌక స్ప్రే కొన్నాను. చైత్రంలో అంటించిన గుడ్డ జ్యేష్ఠంలో దిగింది. ఆ తప్పు నాదే.

వేసవిలో ఎందుకు చేయకూడదంటే, వడగాలికి జిగురు పై పొర నిమిషాల్లో ఆరిపోతుంది, మనం గుడ్డ సర్దుకునేలోపే పట్టు పోతుంది. ఆశ్వయుజ, కార్తీకాల్లో వేరొక చిక్కు ఉంటుంది. జిగురులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూసిన ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పల్చగా పేరుకొని తెల్లబారుతుంది, ఆ చోట అతుకు బలహీనంగా ఉంటుంది. మనకు ఈశాన్య రుతుపవనం ముగిశాక, సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఉండే పొడి రోజులే ఈ పనికి అనువైనవి. పొద్దెక్కి మంచు తడి ఆరిన తరువాత మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ముగించేలా చూసుకోవాలి. ఈ జిగుర్ల ఆవిరి మండుతుంది, తల కూడా తిప్పుతుంది. కాబట్టి తలుపులు మూసిన గదిలో గాని, పొయ్యికో దీపారాధనకో దగ్గరగా గాని ఈ పని పెట్టుకోకూడదు. వరండా అయితే మేలు.

విప్పడం నుంచి బిగించడం దాకా

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ముందు సీట్లను వెనక్కి పూర్తిగా వాల్చి వాటి తలగడలు తీసేస్తే పలక కదలడానికి చోటు దొరుకుతుంది. సన్ వైజర్లు, పైన పట్టుకునే హ్యాండిళ్ళు, దీపం, పైకప్పుకు బిగించిన రకమైతే లోపలి అద్దం, వరుసగా విప్పండి. హ్యాండిళ్ళ స్క్రూలు చిన్న మూతల కింద దాగి ఉంటాయి. తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగును పై భాగంలో కిందికి లాగి, స్తంభాల కవర్లను ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా ఊడదీయాలి. క్లిప్పులు రెండు మూడు విరగడం ఖాయం, కొత్తవి ముందే కొని పెట్టుకోవడం మంచిది. ప్రతి స్క్రూల గుంపునూ వేరువేరు టీ గ్లాసుల్లో వేసి, ఏది ఎక్కడిదో ఫోనులో ఫొటో తీసుకుంటే సాయంత్రం మతిమరుపు బాధ ఉండదు. చివరి క్లిప్పు తీసేటప్పుడు పలకను రెండో మనిషి కింద నుంచి అరచేతులతో పట్టుకొని ఉండాలి. ఒంటరిగా చేసేవారి పలక సాధారణంగా ఆ క్షణంలోనే విరుగుతుంది. దీపం తీగ పలకకు అతికి ఉంటే దాన్ని విడదీశాకే లాగాలి.

గీకడమే ఎక్కువసేపు పట్టే పని, ఓపికను పరీక్షించేదీ అదే. ముక్కుకు మాస్కు కట్టుకొని, బట్టలుతికే మెత్తని బ్రష్షుతో పాత స్పాంజిని పూర్తిగా రాల్చాలి. ఇనుప బ్రష్షు అట్టను తినేస్తుంది. తడిపితే తొందరగా పోతుందన్న ఆలోచన అట్ట పలక విషయంలో నష్టం చేస్తుంది, అది ఉబ్బి అచ్చు పోగొట్టుకుంటుంది. ఫైబర్ గ్లాసు పలకను గీకేటప్పుడు నారలు చర్మంలో గుచ్చుకొని దురద పెడతాయి కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. వేలితో రుద్దితే ఏమీ అంటనప్పుడే గీకడం పూర్తయినట్టు. పగుళ్ళుంటే వెనక వైపు నుంచి నూలు గుడ్డ ముక్కను జిగురుతో అతికించి ఒక పూట ఆరనివ్వండి.

గుడ్డను పలక మీద పరిచి, నడుమ సరిచూసి, ముందు సగాన్ని వెనక్కి మడవాలి. పలకకూ స్పాంజికీ జిగురు పట్టించి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి, నడుమ నుంచి అంచులకు అరచేతితో నిమురుతూ వేయాలి. వంపుల్లోకి గుడ్డను వేళ్ళతో దింపాలి గాని అంచు పట్టుకొని లాగకూడదు. లాగి అంటించిన గుడ్డ వేసవిలో వంపు దగ్గర మళ్ళీ పైకి లేస్తుంది. రెండో సగమూ అలాగే. అంచులను రెండు మూడు సెంటీమీటర్ల మేర వెనకకు మడిచి అతికించి, ఒక రోజంతా నీడలో ఉంచిన తరువాతే దీపం, హ్యాండిళ్ళ రంధ్రాలను పదునైన బ్లేడుతో కోయాలి. రంధ్రాన్ని అచ్చుగా కోసేయకుండా ఇంటూ గుర్తులా చీల్చి, ఆ రెక్కలను వెనకకు మడిచి అంటిస్తే గుడ్డ అంచు జారదు.

బిగించేటప్పుడు దీపాన్నీ వైజర్లనూ ముందు వదులుగా తగిలించి పలక సరిగ్గా కూర్చున్నదని చూసుకున్నాకే స్క్రూలు బిగించాలి. వాసన పోయేదాకా వారం రోజులు అద్దాలు ఒక వేలి సందు దించి, కారును వేపచెట్టు కిందనో షెడ్డులోనో నిలపండి. మిగిలిన గుడ్డ ముక్కలను పారేయకండి. సన్ వైజర్ల గుడ్డ కూడా అదే వయసుది, కొద్ది నెలల్లో వాటికీ ఆ ముక్కలు అవసరం పడతాయి.